ఎవరూ పలకని నిషేధం: ‘రోమియో జూలియెట్’లో పెద్దల పాత్ర

విషాదాంత నాటకాలలో ‘రోమియో జూలియెట్’ అంతగా జనం నోట నానిన కథ మరొకటి లేదు. నాటకం చదవనివారు కూడా దాని కథను ఒక్క వాక్యంలో చెప్పగలరు. పగబట్టిన రెండు కుటుంబాల పిల్లలు ప్రేమించుకున్నారు, పెద్దలు ఒప్పుకోలేదు, పిల్లలు చనిపోయారు అన్నదే ఆ వాక్యం. అయితే నాటకాన్ని అంకం వెంట అంకంగా చదివేవారికి ఈ సంగ్రహంలోని నడిమి మాట ఎక్కడా కనిపించదు. జూలియెట్ తండ్రి కాపులెట్ రోమియోను అల్లుడిగా తిరస్కరించిన సన్నివేశం నాటకంలో లేదు. రోమియో తండ్రి మాంటేగ్యూ కాపులెట్ల పిల్లను కోడలిగా వద్దన్న సందర్భమూ లేదు. వద్దనాలంటే ముందు వాళ్లకు సంగతి తెలియాలి. తెలిసేసరికి పిల్లలిద్దరూ సమాధి గృహంలో శవాలై పడి ఉంటారు. నిషిద్ధ ప్రేమకు లోకమంతా చూపే ఉదాహరణలో ఆ నిషేధం ఎవరి నోటా వెలువడకపోవడం యాదృచ్ఛికం కాదనీ, ఆ మౌనమే నాటక నిర్మాణానికి ఆయువుపట్టు అనీ ఈ ఉపన్యాసం ప్రతిపాదిస్తుంది.

తెలుగు రంగస్థలం మీద విషాదాంతాన్ని నిలబెట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యుల (1853–1912) స్మృతికి అంకితమైన సభలో ఈ విషయం చర్చకు రావడం సముచితం. బళ్లారిలో న్యాయవాద వృత్తిలో ఉంటూ సరస వినోదినీ సభ ద్వారా నాటకాలు ఆడించిన ఆచార్యులు, నాటకం శుభంతోనే ముగియాలన్న సంప్రదాయం బలంగా ఉన్న రోజుల్లో ‘విషాద సారంగధర’ను రాశారు. ఆ నాటకం ప్రస్తావన చివర్లో వస్తుంది.

ప్రేమ కథ విషాద నాటకానికి ప్రధాన వస్తువు కావడమే యూరపులో ఆలస్యంగా జరిగిన పరిణామం. గ్రీకు విషాద నాటకం, అంటే ఉన్నత స్థితిలో ఉన్న వ్యక్తి ఒక పొరపాటు వల్ల పతనం కావడాన్ని చూపి ప్రేక్షకుడిలో జాలినీ భయాన్నీ రేపి వాటిని ప్రక్షాళన చేసేదని అరిస్టాటిల్ వర్ణించిన రూపం, రాజుల గురించీ వంశశాపాల గురించీ దేవతలతో మనిషికి వచ్చే పేచీల గురించీ మాట్లాడింది గాని, పడుచు జంట వలపును కథ నడుమ కూర్చోబెట్టలేదు. క్రీ.పూ. 441 ప్రాంతంలో ప్రదర్శితమైనట్లు పండితులు భావించే సొఫోక్లిస్ ‘ఆంటిగనీ’ ఇందుకు మంచి నిదర్శనం. ఆంటిగనీకి రాజకుమారుడు హీమన్‌తో పెళ్లి నిశ్చయమై ఉంటుంది. అన్న శవాన్ని పూడ్చరాదన్న రాజు క్రియాన్ ఆజ్ఞను ధిక్కరించినందుకు ఆమెను గుహలో సజీవ సమాధి చేస్తారు. హీమన్ అక్కడే ప్రాణం తీసుకుంటాడు. ఇంత జరిగినా ఆ ఇద్దరూ రంగం మీద ఒక్కసారైనా కలుసుకోరు. హీమన్ తండ్రితో వాదించేటప్పుడు నగర ప్రజల అభిప్రాయాన్నీ పాలకుడికి ఉండవలసిన వివేకాన్నీ ముందు పెడతాడు తప్ప తన వలపును వాదనగా వాడుకోడు. ప్రేమ గురించి పాడే పని బృందగాయకులది. ఇక్కడ నిషేధం రాజు నోట, బహిరంగంగా, చట్టంగా వెలువడింది; మూగబోయింది ప్రేమ. షేక్‌స్పియర్ నాటకంలో ఈ అమరిక సరిగ్గా తలకిందులవుతుంది.

పడుచు జంట, వాళ్లకు అడ్డు తగిలే తండ్రి, రాయబారాలు నడిపే గడుసు సేవకులు అనే సరంజామా రోమన్ కామెడీ సొత్తు. ప్లాటస్, టెరెన్స్ నాటకాలలో తండ్రి చివరికి మెత్తబడతాడు, లేదా పిల్ల ఫలానా గొప్పింటి బిడ్డ అన్న రహస్యం బయటపడుతుంది, పెళ్లితో నాటకం ముగుస్తుంది. పునరుజ్జీవన కాలపు ఇటలీ, ఇంగ్లండు నాటకకర్తలు పాఠశాలలోనే వల్లెవేసిన నమూనా ఇది. ‘రోమియో జూలియెట్’ మొదటి రెండు అంకాలు ఆ అచ్చులోనే పోసినవని విమర్శకులు చాలాకాలంగా గుర్తిస్తున్నారు. వీధిలో నౌకర్ల కీచులాట, విరహంతో చీకటి గదిలో ముడుచుకున్న కుర్రవాడు, ముసుగుల విందు, బూతు పరిహాసాల దాది, చురుకు మాటల మెర్క్యూషియో, రహస్య వివాహం — ఇవన్నీ నవ్వుల నాటకంలో పాత్రలూ ఘట్టాలూ. మూడో అంకం మొదట్లో మెర్క్యూషియో చనిపోగానే ఆ నవ్వు అర్ధాంతరంగా తెగిపోతుంది. ప్రారంభ గీతం కథ ముగింపును ముందే చెప్పేసినా, ప్రేక్షకుడు రెండు అంకాలపాటు దాన్ని మరచిపోయేలా చేయగలగడం షేక్‌స్పియర్ నేర్పు.

కథ ఆయన కల్పించినది కాదు. 1476లో అచ్చయిన మసుచ్చో సలెర్నితానో కథలో ఈ జంట సియెనా నగరానికి చెందినది; 1530 ప్రాంతంలో లూయిజీ దా పోర్టో దాన్ని వెరోనాకు మార్చి నాయికా నాయకులకు ఇప్పటి పేర్లు పెట్టాడు; 1554లో మత్తేయో బందెల్లో పెంచాడు; 1559లో బ్వాస్తుయో ఫ్రెంచిలోకి తెచ్చాడు; దాని ఆధారంగా 1562లో ఆర్థర్ బ్రూక్ ఇంగ్లీషులో మూడు వేల పంక్తుల కావ్యం రాశాడు. షేక్‌స్పియర్ బల్ల మీద ఉన్నది ప్రధానంగా బ్రూక్ పుస్తకమే. నాటకం 1595 ప్రాంతంలో తయారైందని పండితుల అంచనా. 1597లో ఒక కురచ ప్రతి, 1599లో సవరించి పెంచిన ప్రతి అచ్చయ్యాయి. బ్రూక్ పీఠికలో ఈ ప్రేమికులను కామానికి లొంగి తల్లిదండ్రుల మాట పెడచెవిన పెట్టిన దుష్టులుగా ఖండించి, కావ్యంలోకి వచ్చేసరికి వాళ్ల మీద జాలిపడి కూర్చుంటాడు. పీఠిక రాసినవాడూ కావ్యం రాసినవాడూ ఒకడేనా అన్న అనుమానం పాఠకుడికి రావడంలో వింత లేదు.

బ్రూక్ నుంచి తీసుకున్నదానికన్నా మార్చినది ముఖ్యం. బ్రూక్ కథ నెలల తరబడి నడుస్తుంది. పెళ్లయిన తరువాత కూడా జంట కొంతకాలం గుట్టుగా కలిసి మెలిసి ఉంటుంది. షేక్‌స్పియర్ దాన్ని ఒక జూలై నెల మధ్యలో, ఆదివారం ఉదయం మొదలుపెట్టి వారం తిరగకుండా ముగించాడు. విందులో చూపులు కలిసిన మరునాటి మధ్యాహ్నానికే పెళ్లి. జూలియెట్ వయసును కూడా ఆయన తగ్గించాడు: బ్రూక్ కావ్యంలో ఆమెకు పదహారు నిండబోతున్నాయి, 1567లో విలియం పెయింటర్ రాసిన వచన కథలో పద్దెనిమిది ప్రాంతం, నాటకంలో పద్నాలుగు నిండడానికి ఇంకా రెండు వారాల పైచిలుకు ఉంది. ఆ కాలపు చర్చి చట్టం ప్రకారం ఆడపిల్లకు 12, మగపిల్లవాడికి 14 ఏళ్లు వస్తే వివాహం చెల్లుతుంది గనుక ఇది అసాధ్యమైన వయసేమీ కాదు. కానీ ఎలిజబెత్ రాణి కాలపు ఇంగ్లండులో సామాన్య కుటుంబాల ఆడపిల్లలు సగటున ఇరవై అయిదేళ్ల ప్రాంతంలో గాని పెళ్లాడేవారు కాదని చర్చి నమోదు పుస్తకాల పరిశీలన చెబుతోంది. అంటే లండన్ నాటకశాలలోని ప్రేక్షకులకూ జూలియెట్ చిన్నపిల్లగానే కనిపించి ఉండాలి. పద్నాలుగైనా నిండని పిల్లకు ఆలోచించే వ్యవధి లేకుండా చేసి, ఆమె చుట్టూ నలుగురైదుగురు పెద్దలను నిలబెట్టడం నాటకకర్త ఉద్దేశపూర్వకంగా చేసిన ఏర్పాటు. అందువల్ల ప్రేక్షకుడి దృష్టి ఆమె తప్పొప్పుల మీద నుంచి ఆ పెద్దల మీదికి మళ్లుతుంది.

ముందుగా పగ సంగతి చూడాలి. ఆ పగకు కారణమేమిటో నాటకం ఎక్కడా చెప్పదు. అది పాతదని మాత్రమే తెలుస్తుంది. దాన్ని బతికిస్తున్నది ఇంటి యజమానులకన్నా నౌకర్లూ, కాపులెట్ల బంధువు టిబాల్ట్ వంటి పడుచువాళ్లూ. వెరోనా ప్రభువు ఎస్కలస్ మొదటి అంకంలో ఇచ్చిన ఆజ్ఞ వీధి పోరాటాల గురించి: మళ్లీ కొట్లాడితే మరణదండన. నాటకం మొత్తంలో బహిరంగంగా వినిపించే నిషేధం ఇదొక్కటే, అది ప్రేమకు సంబంధించింది కాదు. ఆ వెంటనే వచ్చే దృశ్యంలో కాపులెట్, తమంత వయసు మళ్లినవాళ్లు శాంతిగా ఉండడం పెద్ద కష్టమేమీ కాదంటాడు. విందులో మాంటేగ్యూ కొడుకు ముసుగు వేసుకుని వచ్చాడని టిబాల్ట్ పళ్లు కొరుకుతుంటే, అదే కాపులెట్ అతణ్ని గట్టిగా అణచి, రోమియో మర్యాదస్థుడని ఊరంతా చెప్పుకుంటుందనీ, తన ఇంట్లో అతనికి అవమానం జరగడానికి వీల్లేదనీ తేల్చి చెబుతాడు. శత్రువు కొడుకును మెచ్చుకున్న ఈ మాటలు జూలియెట్ చెవిన పడి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న ప్రేక్షకుడికి తట్టక మానదు. ఆమెకు మాత్రం అతనెవరో దాది చెప్పిన తరువాతే తెలుస్తుంది. తెలిసిన క్షణంలోనే, ఎవరినీ అడగకుండానే, ఇది సాధ్యంకాని సంబంధమని ఆమె నిశ్చయించుకుంటుంది.

ఇంకొక వివరం ఈ వాదనకు బలం చేకూరుస్తుంది. రోమియో నాటకారంభంలో రోజలిన్ అనే అమ్మాయి కోసం కుమిలిపోతుంటాడు. విందుకు పిలవాల్సినవారి జాబితాలో ఆమె కాపులెట్ మేనకోడలని స్పష్టంగా ఉంది. అంటే రోమియో మొదటి వలపు కూడా శత్రువుల ఇంటి పిల్ల మీదే. అయినా రోమియో గాని, అతని బంధువు బెన్వోలియో గాని, ఎగతాళి చేయడంలో ఆరితేరిన మెర్క్యూషియో గాని ఆ ప్రేమకు పగ అడ్డమని ఒక్కసారి కూడా అనరు; ఆమె బ్రహ్మచర్య వ్రతం పట్టడమే అతని బాధంతా. రోజలిన్ విషయంలో గుర్తుకురాని పగ జూలియెట్ విషయంలో కొండలా లేచి నిలబడడానికి కారణం, ఈసారి ప్రేమకు బదులు దొరకడమే. ఫలించే అవకాశం లేనంతవరకు ప్రేమకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫలించబోతుండగా మాత్రం, ఎవరూ పలకని నిషేధాన్ని ప్రేమికులే తమ నోట పలుకుతారు, తామే దానికి లొంగుతారు, తామే దాన్ని దాటడానికి చాటుమార్గం వెతుక్కుంటారు.

చాటుమార్గం చూపినవాడు సన్యాసి లారెన్స్. ఈయన ఫ్రాన్సిస్కన్ శాఖకు చెందిన మఠవాసి, మూలికల వైద్యం తెలిసినవాడు. పిల్లల తొందరపాటును మందలిస్తూనే, ఈ వియ్యం వల్ల రెండు కుటుంబాల వైరం చల్లారుతుందన్న ఆశతో పెళ్లి జరిపిస్తాడు. రహస్య వివాహం ఆనాడు అరుదైన సంగతి కాదు. వధూవరుల అంగీకారమే వివాహానికి ప్రాణమని మధ్యయుగాల చర్చి న్యాయం భావించడం వల్ల, పెద్దలకు తెలియకుండా జరిగిన పెళ్లి తప్పుగా పరిగణితమైనా చెల్లుబాటయ్యేది. 1563లో ట్రెంట్ మహాసభ కథోలిక దేశాల్లో పురోహితుడూ సాక్షులూ ఉండాలని నియమం పెట్టింది గాని తల్లిదండ్రుల సమ్మతిని తప్పనిసరి చేయలేదు. ప్రొటెస్టెంట్ ఇంగ్లండులో ఇలాంటి పెళ్లిళ్లకు చట్టం గట్టిగా కళ్లెం వేసింది 1753లోనే. కనుక రోమియో, జూలియెట్‌ల పెళ్లి చెల్లదని వాదించే వీలు ప్రేక్షకుడికి లేదు. పెళ్లి నిజం, దాన్ని చేయించినవాడికి సమాజంలో గౌరవముంది. లోపించింది ఆ నిజాన్ని బయటపెట్టే ధైర్యం.

ఆ ధైర్యం అవసరమైన ఘడియ మూడో అంకం చివర్లో వస్తుంది. టిబాల్ట్ మెర్క్యూషియోను చంపాడు, రోమియో టిబాల్ట్‌ను చంపాడు, ప్రభువు రోమియోను వెరోనా నుంచి వెళ్లగొట్టాడు. కూతురు ఏడుస్తున్నది టిబాల్ట్ కోసమని భ్రమపడిన కాపులెట్, ఆమె దుఃఖం తీర్చడానికి పారిస్ అనే కులీన యువకుడితో గురువారం పెళ్లి నిశ్చయిస్తాడు. ఇదే తండ్రి మొదటి అంకంలో, పిల్ల చిన్నదనీ మరో రెండు వేసవులు ఆగాలనీ, ఆమె ఇష్టమే ప్రధానమనీ పారిస్‌కు చెప్పాడు. మిగతా సంతానమంతా మట్టిలో కలిసిపోగా ఈమె ఒక్కతే మిగిలిందని కూడా అన్నాడు. నాలుగు రోజులు గడవకముందే ఆ ప్రేమమూర్తి, కూతురు పెళ్లి వద్దన్నందుకు ఈడ్చుకుపోతానంటాడు, వీధిలో అడుక్కుని చావమంటాడు. ఈ మార్పును విమర్శకులు కొందరు పాత్రపోషణలో అతుకుగా చూశారు. నిజానికి అతికించినది ఏమీ లేదు. తాను చేసిన మేలును పిల్ల అర్థం చేసుకోలేదన్న తండ్రి కోపం ఇది. ఆమెకు అప్పటికే పెళ్లయిందన్న ఒక్క వాక్యం తెలియకపోవడం వల్ల అతనికి ఎదుట కనిపిస్తున్నది కారణం లేని మొండితనం మాత్రమే. ఆ వాక్యం తెలిసిన పెద్దలు ఇద్దరున్నారు. ఒకరు అదే ఇంట్లో, కొంతసేపు అదే గదిలో ఉన్నారు.

ఆమె దాది. తన కూతురు సూసన్‌ను పోగొట్టుకుని అదే ఈడు జూలియెట్‌కు పాలిచ్చి పెంచిన మనిషి, రోమియోకు కబుర్లు చేరవేసిన మనిషి, పెళ్లి రాత్రికి తాడు నిచ్చెన తెచ్చిన మనిషి. యజమాని కేకలకు ఎదురుచెప్పి తిట్లు తిన్నది కూడా ఆమే. యజమాని వెళ్లిపోయాక, జూలియెట్ ఓదార్పు కోసం చేతులు చాచినప్పుడు, రోమియో ఎలాగూ తిరిగి రాలేడు గనుక పారిస్‌ను చేసుకోవడమే మంచిదని దాది తేలికగా చెప్పేస్తుంది. ఇందులో కుట్ర గాని ద్రోహచింత గాని లేవు. బతుకు తెలిసిన పనిమనిషి ఇవ్వగల లోకజ్ఞానం ఇంతే, అదీ ప్రేమతోనే ఇచ్చింది. నాటకంలోకెల్లా కర్కశమైన ఘట్టం ఏదంటే సమాధి గృహాన్ని చూపడం పరిపాటి గాని, ఆ గౌరవం ఈ నాలుగు మాటలకే దక్కాలి. జూలియెట్ దాది సలహాకు తలూపి, ఆమెను పంపేసి, ఇక తన మనసు ఆమెకు తెలియనివ్వరాదని అక్కడికక్కడే నిర్ణయించుకుంటుంది. బాల్యం అంతటితో ముగిసింది. దాని తరువాత ఆమె రంగం మీద ఎవరితోనూ పూర్తి నిజం మాట్లాడదు, సన్యాసితో తప్ప.

సన్యాసి దగ్గర కూడా ఆమెకు దొరికింది నిజం చెప్పే ధైర్యం కాదు, మరొక చాటు ఉపాయం. నలభై రెండు గంటలు చచ్చినట్టు పడి ఉండేలా చేసే మందు తాగి, శవంగా సమాధికి చేరి, మాంటువాలో ఉన్న రోమియో వచ్చి తీసుకుపోయేదాకా ఆగాలి. సన్యాసి నేరుగా కాపులెట్ ఇంటికి వెళ్లి, ఈమెకు సోమవారమే పెళ్లి చేశానని చెబితే ఆయన మఠమూ ప్రతిష్ఠా కొంత దెబ్బతినేవి. పారిస్ పెళ్లి మాత్రం తప్పక ఆగేది, ఎందుకంటే బతికున్న భర్త ఉండగా మళ్లీ పెళ్లి చేయడం ఏ పురోహితుడికీ సాధ్యం కాదు. ఆయన మంచివాడు, దూరదృష్టి గలవాడు. ఆ దూరదృష్టే సమీపంలోని సులువైన దారిని కనిపించనివ్వలేదు. మంచి సమయం చూసి పెళ్లి సంగతి వెల్లడించాలన్నది ఆయన పథకం. మంచి సమయం ఎప్పటికీ రాదు.

ఇక్కడినుంచి జరిగేదంతా ఆకస్మిక ఘటనల పరంపర అనీ, ఉత్తరం చేరకపోవడం వంటి చిల్లర ప్రమాదం మీద ఆధారపడిన నాటకం నిజమైన ట్రాజెడీ కాజాలదనీ ఒక ప్రసిద్ధమైన అభ్యంతరం ఉంది. మాంటువాకు ఉత్తరం మోసుకెళ్లవలసిన మరో సన్యాసి, ప్లేగు అనుమానంతో అధికారులు తలుపులకు సీలు వేసిన ఇంట్లో చిక్కుకుపోతాడు. 1592 నుంచి 1594 దాకా ప్లేగు వల్ల నాటకశాలలు చాలాకాలం మూతపడి ఉండగా చూసిన లండన్ ప్రేక్షకులకు ఇది ఏ విధంగానూ కల్పితమైన అడ్డంకిగా తోచి ఉండదు. అంతకన్నా గట్టి సమాధానం మరొకటి ఉంది. నలుగురికీ తెలిసిన వార్త ఒక దూత ఆగిపోతే ఆగదు. వేరే దారిన వెళుతుంది. రహస్యానికి మాత్రం దారి ఒక్కటే ఉంటుంది. రోమియో నౌకరు బాల్తజార్ జూలియెట్ అంత్యక్రియలను కళ్లారా చూసి అబద్ధపు వార్తను ఏ ఆటంకమూ లేకుండా ఒక్క పరుగున మాంటువాకు చేర్చగలిగాడు, అది ఊరంతటికీ తెలిసిన వార్త గనుక. నిజం ఒక ఉత్తరంలో మడత పడి మూసిన ఇంట్లో ఉండిపోయింది. కూతురు ఒప్పుకున్నదన్న సంబరంలో కాపులెట్ పెళ్లిని గురువారం నుంచి బుధవారానికి జరపడం కూడా ఇదే కోవలోది. ముదుసలి తండ్రి సంతోషం పట్టలేక రాత్రంతా మేలుకుని వంటవాళ్లను పురమాయిస్తుంటే, ఆ సంతోషమే సన్యాసికి ఉన్న వ్యవధిలో ఒక రోజును తినేసింది.

ఈ చోట భారతీయ అలంకార శాస్త్రం ఇచ్చే ఒక సూక్ష్మమైన విభాగం చాలా ఉపకరిస్తుంది. విరహాన్ని వర్ణించే విప్రలంభ శృంగారంలోనూ, మరణాన్ని వర్ణించే కరుణ రసంలోనూ కన్నీళ్లు ఒకటే. తేడా అంతా ఆశలో ఉంది. మళ్లీ కలుస్తామన్న ఆశ మిగిలి ఉంటే అది విప్రలంభం, ఆశ తెగిపోతే కరుణం. ఈ రెంటికీ నడుమ విశ్వనాథుడు తన ‘సాహిత్యదర్పణం’లో కరుణ విప్రలంభం అనే భేదాన్ని గుర్తించాడు: ఇద్దరిలో ఒకరు చనిపోయినా, తిరిగి కలిసే అవకాశం ఉందని తెలిసిన స్థితి అది. బాణుడి ‘కాదంబరి’లో మహాశ్వేతా పుండరీకుల వృత్తాంతం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. అదీ నిషిద్ధమైన పడుచు ప్రేమే. పుండరీకుడు మునికుమారుడు, వలపు అతని ఆశ్రమ ధర్మానికి విరుద్ధం. విరహంతో అతడు ప్రాణాలు విడిచినప్పుడు, మహాశ్వేత చితి ఎక్కబోతుండగా, ఆకాశం నుంచి దిగివచ్చిన దివ్యపురుషుడు అతని శరీరాన్ని తీసుకుపోతూ, పునస్సమాగమం ఉందని మాట ఇచ్చి ఆమెను ఆపుతాడు. వెరోనా సమాధి గృహంలోని పరిస్థితి అక్షరాలా అదే: చనిపోయినట్టు కనిపిస్తున్న ప్రియురాలు, మళ్లీ లేస్తుందన్న హామీ. ఆ హామీని మోసుకురావలసిన దివ్యపురుషుడి స్థానంలో ఇక్కడున్నది ఒక సామాన్య సన్యాసి చేతిలోని కాగితం. అది చేరలేదు గనుక రోమియోకు అది కరుణం. సంగతి తెలిసిన ప్రేక్షకుడికి ఆ చివరి క్షణం దాకా కరుణ విప్రలంభం. ఒకే దృశ్యాన్ని పాత్ర ఒక రసంలో, ప్రేక్షకుడు మరో రసంలో అనుభవించడం వల్ల కలిగే యాతనే ఐదో అంకపు బలమంతా. రంగం మీద మరణాన్ని ప్రత్యక్షంగా చూపరాదన్న భరతుడి సంప్రదాయంలో, భాసుడి ‘ఊరుభంగం’ వంటి అరుదైన మినహాయింపులు తప్ప, కవులు ఈ యాతనను ఆశాపక్షంలోనే ముగించారు.

ఈ యాతన భరించలేనివాళ్లు యూరపులోనూ తక్కువేమీ కాదు. 1660ల లండన్‌లో జేమ్స్ హోవర్డ్ నాయికా నాయకులు బతికే ముగింపు రాస్తే, ఒకరోజు విషాదాంతం, మరునాడు శుభాంతం మార్చి మార్చి ఆడారని ఆనాటి నాటకశాల ఉద్యోగి జాన్ డౌన్స్ రాసిపెట్టాడు. 1748లో డేవిడ్ గారిక్, రోమియో విషం తాగిన తరువాత ప్రాణం పోకముందే జూలియెట్ మేలుకుని మాట్లాడే సన్నివేశం చేర్చాడు. అది దాదాపు నూరేళ్లు రంగస్థలాన్ని ఏలింది. 1845లో రోమియో వేషం వేసిన అమెరికన్ నటి షార్లట్ కుష్మన్ లండన్‌లో అసలు పాఠాన్ని మళ్లీ నిలబెట్టింది. గారిక్ సన్నివేశం కన్నీళ్లు ఎక్కువగా తెప్పించి ఉండవచ్చు. కానీ ఇద్దరికీ సంగతి విడమరిచి చెప్పుకునే అవకాశం ఇవ్వడం వల్ల, సమాచారం చేరకపోవడం అనే నాటకపు మూలసూత్రాన్నే అది తెంచేసింది.

నిషేధం పెద్దల మాటలో గాక లోకపు అమరికలో దాగి ఉండడం షేక్‌స్పియర్ ఒక్కడికే తెలిసిన సంగతి కాదు. 1703లో జపాన్‌లోని ఒసాకాలో తకెమోతో బొమ్మలాటశాల కోసం చికమత్సు మొన్‌జయెమోన్ రాసిన ‘సొనెజాకిలో ప్రేమికుల ఆత్మహత్య’, కొద్ది వారాల ముందు ఆ ఊళ్లోనే జరిగిన సంఘటన మీద ఆధారపడింది. సోయా రసం అమ్మే దుకాణంలో గుమాస్తా తొకుబెయి, వేశ్యావాటికలోని ఒహత్సు ఆ నాటకంలో నాయికా నాయకులు. వాళ్లను విడదీసింది కుటుంబ వైరం కాదు. ఆమె శరీరం మీద ఉన్న ఒప్పందం, అతని సవతితల్లి పుచ్చుకున్న కట్నం సొమ్ము, స్నేహితుడు ముద్ర విషయంలో చేసిన మోసం. ఆ నాటకాల ప్రభావంతో జంట ఆత్మహత్యలు పెరుగుతున్నాయని భావించిన ప్రభుత్వం 1723లో అలాంటి నాటకాలనే నిషేధించింది. అక్కడ నిషేధం చివరికి నోరు విప్పింది గాని ప్రేమ మీద కాదు, ప్రేమను గురించి చెప్పే నాటకం మీద.

తెలుగులో ఈ వస్తువు తన దారి తానే వెతుక్కుంది. సారంగధర కథలో నిషిద్ధమైన వలపు చిత్రాంగిది. వయసులో తనకు తగిన యువరాజు సవతికొడుకు అయ్యాడు, భర్త ముసలి రాజరాజ నరేంద్రుడు. గౌరన, చేమకూర వేంకటకవి మొదలైనవారి కథలో నరికిన కాళ్లూ చేతులూ సిద్ధుని మహిమతో తిరిగి వస్తాయి. ఆచార్యులు దాన్ని విషాదాంతంగా మలచడంలోని సాహసం తెలుగు నాటక చరిత్రలో మరువరానిది. ఆయన దృష్టి నిలిచినది విచారణ చేయకుండా శిక్ష విధించిన తండ్రి మీద. వెరోనా కథకు దగ్గరగా వచ్చినది చాలా తరువాత, 1978లో, కె. బాలచందర్ ‘మరోచరిత్ర’ చిత్రం. విశాఖపట్నంలో పక్కపక్క ఇళ్ల తమిళ అబ్బాయికీ తెలుగు అమ్మాయికీ పెద్దలు ఏడాది ఎడబాటును షరతుగా పెడతారు. ఇక్కడ నిషేధం ఎదురెదురుగా కూర్చుని, గడువు పెట్టి, ఒప్పందంగా పలికినదే. పెద్దలు మాట్లాడితే ఎలా ఉండేదో ఈ చిత్రం చూపింది. మాట్లాడినా పిల్లలు దక్కలేదన్నది వేరే చర్చ.

మళ్లీ వెరోనాకు వస్తే, జూలియెట్ చనిపోయిన తరువాత నాటకం ఇంకా 140 పంక్తుల దాకా నడుస్తుంది. కావలివాళ్లు వస్తారు, ప్రభువు వస్తాడు, కాపులెట్ దంపతులు వస్తారు. కొడుకు దేశబహిష్కారాన్ని తట్టుకోలేక ఆ రాత్రే భార్య చనిపోయిందని చెబుతూ మాంటేగ్యూ వస్తాడు. ప్రభువు విచారణ జరుపుతాడు. సన్యాసి లారెన్స్ జరిగిందంతా మొదటినుంచీ వరుసగా చెబుతాడు, బాల్తజార్ సాక్ష్యమిస్తాడు, రోమియో తండ్రికి రాసిన ఉత్తరం చదువుతారు. ప్రేక్షకుడికి ఇందులో కొత్త సంగతి ఒక్కటీ లేదు గనుక ఇది అనవసరమైన పునరుక్తి అని దర్శకులు తరచుగా కత్తెర వేస్తారు. 1867 నాటి గూనో సంగీత నాటకమైతే ప్రేమికుల మరణంతోనే తెర దించేస్తుంది. అరిస్టాటిల్ పరిభాషలో అభిజ్ఞానం, అంటే తెలియని నిజం తెలిసిరావడం, విషాద నాటకానికి ముఖ్యమైన అంగం. ఈ నాటకంలో ఆ అభిజ్ఞానం ప్రేమికులకు దక్కలేదు. రోమియో నిజం తెలియకుండానే పోయాడు. అది దక్కినది పెద్దలకు, ఈ 140 పంక్తులలో. తమ పిల్లలు భార్యాభర్తలని కాపులెట్, మాంటేగ్యూ మొదటిసారి వినేది ఇక్కడే. విన్న మరుక్షణం చేతులు కలుపుతారు, వియ్యంకులవుతారు, ఒకరి బిడ్డకు ఒకరు బంగారు విగ్రహం పెట్టిస్తామంటారు. ఇంత తేలికగా చల్లారగల పగ అది. సోమవారం మధ్యాహ్నం ఎవరైనా నోరు తెరిచి చెప్పి ఉంటే ఏమయ్యేదన్నది ఈ ఘట్టం చూసినవారికి గాని పూర్తిగా బోధపడదు. పారిస్ శవం కూడా అక్కడే పడి ఉందనీ, అతనికి ఎవరూ విగ్రహం మాట ఎత్తలేదనీ గమనించేవారు తక్కువ.

కాబట్టి ఈ నాటకాన్ని తెలుగులో ఆడదలచినవారికి ఒక విన్నపం. తోట సన్నివేశాన్ని కురచ చేసుకోవచ్చు, మెర్క్యూషియో పరిహాసాలను స్థానికమైన మాటల్లోకి మార్చుకోవచ్చు, సంగీతకారుల ముచ్చట్లు వదిలేయవచ్చు. జూలియెట్ పడిపోగానే మాత్రం తెర దించకూడదు. సన్యాసి సాక్ష్యాన్నీ ఉత్తరం చదవడాన్నీ పూర్తిగా ఉంచి, ఆ సమయంలో వెలుగు ఇద్దరు తండ్రుల ముఖాల మీద నిలపాలి.